మొదటి దెబ్బ మగ్గుకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్ల మీద ఎవరూ చెయ్యి ఎత్తకూడదు. ఆ మాట పెట్టింది మా తాతయ్య. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే నేను ఏడుపు ఆపలేదట. నాన్న లేచి బెల్టు తీశాడట. నాకు గుర్తు లేదు. అమ్మకి మాత్రం బాగా గుర్తు. అమ్మ మోచేతి పైన ఒక మచ్చ ఉంది. చిన్నప్పుడు పాలు పొంగబెట్టిందని వాళ్ళ నాన్న అట్లకాడ కాల్చి పెట్టిన మచ్చ. అందుకే బెల్టు చూడగానే అమ్మ నన్ను చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి, విజయనగరం రైలెక్కేస్తానని రోడ్డు మీద నిలబడిపోయిందట. తాతయ్య నాన్న చేతిలోంచి బెల్టు లాక్కుని చెప్పాడట: "ఈ ఇంట్లో పిల్ల మీద చెయ్యి పడితే, ఆ చెయ్యి గలవాడు ఈ ఇంట్లో ఉండడు. నువ్వయినా, నేనయినా."

ఆ తర్వాత మా క్వార్టర్లో ఆ మాట ఎవరూ తప్పలేదు. నాకు పదేళ్ళు వచ్చేదాకా.

మాది హిందీ ప్రాంతపు స్టీలు ప్లాంటు కాలనీ మరోదాలో కింది క్వార్టర్. వెనక చిన్న పెరడు, అందులో ఒక జామచెట్టు, ఒక సిమెంటు తొట్టి. తాతయ్య ముప్పై ఏళ్ళకు పైగా ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయన కుడిచేతి చర్మం మణికట్టు నుంచి మోచేయి దాకా నున్నగా, మెరుస్తూ ఉండేది. మాటలు తక్కువ. నేనూ అంతే. మేమిద్దరం వరండాలో గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం, ఆయన పేపరుతో, నేను లైబ్రరీ పుస్తకంతో. అమ్మ అటుగా వెళ్తూ "ఏటి, ఇద్దరూ పోట్లాడుకున్నారా?" అని నవ్వేది.

మా వంటింట్లో ఆవనూనె వాడేవాళ్ళం. మా ఊరు విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో అమ్మకి ఆ ఘాటు నచ్చలేదట. పై క్వార్టర్లోని బీహారీ దీదీ నేర్పింది. "పెహలే ధువా ఉఠ్‌నే దో," అని, పొగ లేచేదాకా నూనెను కాగనివ్వాలని, అప్పుడే పచ్చివాసన పోతుందని. అమ్మ మూకుడు ముందు నిలబడి పొగ కోసం చూసేది. పసుపుగా ఉన్న నూనె తేటపడి, పైన పొగ ఆడగానే స్టవ్ తగ్గించి, అప్పుడు పోపు వేసేది. అది చూస్తూ పెరిగాను కాబట్టి నూనె అంటే ఏ నూనెకైనా అదే పద్ధతి అనుకున్నాను. పొగ రాకపోతే కాగలేదని అర్థం.

ఆ చలికాలం పక్కింటి కేరళ ఆంటీ వాళ్ళ ఊరి నుంచి ఒక పెద్ద సీసా కొబ్బరినూనె తెచ్చి అమ్మకి ఇచ్చింది. ఆమె అందులో వేయించిన అరటికాయ చిప్స్ నేను కడుపునిండా తిన్నాను. తాతయ్య మాత్రం సీసా మూత తీసి వాసన చూసి, "తలకి రాసుకోవలసింది కడుపులో పోసుకుంటారేటి వీళ్ళు? కూర తింటే జుట్టు మొలుస్తాదా?" అన్నాడు. ఆయనది నున్నటి బట్టతల. ఆంటీ నవ్వి, "తిని చూడండి అంకుల్, మొలిస్తే నాకూ చెప్పండి," అంది.

వారం తర్వాత ఆంటీకి జ్వరం వచ్చింది. ఆదివారం సాయంత్రం నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ జావ కాచి పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోగా నేను ఆంటీకి ఆవిడ చిప్సే చేసి ఇవ్వాలనుకున్నాను. ఎవరితోనూ ఒక ముక్క మాట్లాడలేని పిల్లని కదా, ప్లేటు అందిస్తే చాలు, మాటల అవసరం ఉండదు.

అరటికాయలు తరిగాను. చలికి సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టుకుపోయి ఉంది. చెంచాతో పెళ్ళలు పెళ్ళలుగా తవ్వి ఇనప మూకుట్లో వేశాను. మంట పెద్దది చేశాను. నూనె కరిగి నీళ్ళలా తేటగా అయింది. కాసేపటికే సన్నగా, వెంట్రుకంత పొగ లేచింది. ఇది పొగేనా? అమ్మ మూకుట్లో లేచే పొగ ఇంతకంటే చిక్కగా ఉంటుంది, కళ్ళు మండిస్తుంది. ఇంకా కాగలేదనుకున్నాను. గట్టు మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక పేజీ అయ్యాక చూద్దామనుకున్నాను. పేజీ అయింది. కథ మంచి పట్టులో ఉంది. ఇంకో పేజీ తిప్పాను.

గొంతులో ఏదో గీరినట్టయి తలెత్తాను. వంటిల్లంతా తెల్లగా ఉంది. ఆ పొగ మధ్యలో మూకుడు భుక్కుమని అంటుకుంది. మంట నా ఛాతీ ఎత్తుకి లేచింది. అరవాలనుకున్నాను, అరుపు రాలేదు. మంటొస్తే నీళ్ళు పొయ్యాలి, నాకు తెలిసింది అంతే. బకెట్‌లోంచి మగ్గు నిండా నీళ్ళు ముంచి చెయ్యి వెనక్కి ఊపాను.

తాతయ్య ఎప్పుడు వచ్చాడో చూడలేదు. నా మణికట్టు మీద కర్రతో కొట్టినట్టు ఒక దెబ్బ పడింది. మగ్గు ఎగిరి గోడకి తగిలి పగిలింది, నీళ్ళన్నీ తలుపు వైపు చిమ్మాయి. తాతయ్య నన్ను ఒక్క తోపు తోశాడు. నడుము బియ్యం డబ్బాకి గుద్దుకుంది. ఆయన స్టవ్ కట్టేశాడు, గోడకున్న పెద్ద స్టీలు పళ్ళెం తీసి పక్కనుంచి జరుపుతూ మూకుడు మీద మూశాడు. మంట పళ్ళెం అంచుల్లోంచి రెండుసార్లు నాలుక చాచి ఆరిపోయింది.

అయిపోయింది. ఇంకేం ప్రమాదం లేదు. అప్పుడు తాతయ్య నా వైపు తిరిగాడు. ఆయన పెదాలు వణుకుతున్నాయి. ఒక్క అడుగులో నా దగ్గరికి వచ్చి, ఆ మెరిసే చేత్తో నా ఎడమ చెంప మీద కొట్టాడు. తల వెళ్ళి గోడకి తగిలింది. చెవిలో పళ్ళెం కింద పడ్డప్పటి మోత.

అమ్మ సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. పగిలిన మగ్గు, నీళ్ళు, మసి, ఏవీ ఆమె కంటికి ఆనలేదు. ఆమె చూసింది ఆ రెండో దెబ్బ ఒక్కటే.

"నూనె మాడ్చిందని కొట్టారా మావయ్యా? నూనె కోసమా?"

అమ్మ చేతిలోని ఖాళీ జావ గిన్నెని ఆయన కాళ్ళ ముందు నేలకేసి కొట్టింది. మావయ్య ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఏటి చేశావే నువ్వు? చెప్పు," అంది. నేను మంట ఆర్పబోయాను, అందుకు నన్ను కొట్టాడు. నాకు తెలిసిన నిజం అదే. "నేనేం చెయ్యలేదు. తాతయ్యే కొట్టాడు. రెండుసార్లు," అన్నాను. తాతయ్య నన్ను చూశాడు, కాదనలేదు. తన గదిలోకి వెళ్ళి మంచం కింది నుంచి పాత కాన్వాసు సంచీ లాగాడు. అదే ఊళ్ళో స్మృతి నగర్‌లో మా మేనత్త ఉంటుంది. పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోతానని, మాట తనది కాబట్టి తనకీ అదే వర్తిస్తుందని గోడకి చెప్పినట్టు చెప్పాడు. అమ్మ ఉండమనలేదు. డ్యూటీ నుంచి వచ్చిన నాన్న ఎవరి వైపు మాట్లాడాలో తెలియక మంచినీళ్ళు తాగి పడుకున్నాడు. నాకు ఆ సాయంత్రమంతా లోపల ఒక చెడ్డ సంతోషం. వెళ్ళనీ అనుకున్నాను.

పొద్దున్న నాన్న వెళ్ళాక తాతయ్య సంచీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. ఆయన నన్ను వేలితో పెరట్లోకి పిలిచాడు. భయమేసింది, అయినా వెళ్ళాను.

అక్కడ మూడు ఇటుకల పొయ్యి, నిన్నటి మాడిన మూకుడు, సీసాలో మిగిలిన కొబ్బరినూనె ఉన్నాయి. పొయ్యి పక్కన నేలలో ఒక వెదురు కర్ర పాతి ఉంది. నన్ను దాని పక్కన నిలబెట్టి, నా తల దగ్గర కర్రకి నా పాత స్కూలు రిబ్బను కట్టాడు. తర్వాత నన్ను తీసుకెళ్ళి దూరంగా, సిమెంటు తొట్టి వెనక, ఒక రేకు అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు.

నూనె కరిగింది. వెంట్రుకంత పొగ లేచింది. "ఇక్కడ," అన్నాడు తాతయ్య. "కొబ్బరినూనెకి ఇదే ఆఖరు. ఇది రాకముందే సెగ తగ్గించాలి. ఆవనూనె ఇంతకంటే ఎక్కువ ఓర్చుకుంటుంది, దీనికి అంత ఓర్పు లేదు. అమ్మ పొగ దాకా ఆగుతుంది కదా అని నువ్వూ ఆగావు. నీ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు." అలా ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పుల్లలు ఎగదోశాడు. పొగ చిక్కనైంది, గొంతు గీరింది, మూకుడు అంటుకుంది. మూత వేశాడు, ఆరింది. ఆ వేడికి మూత తియ్యగానే మళ్ళీ అంటుకుంది. "అందుకే చల్లారేదాకా తియ్యకూడదు."

అప్పుడు పొడవాటి బొంగు చివర కట్టిన చిన్న డబ్బాలో నీళ్ళు ముంచి, తను కూడా నా పక్కన రేకు వెనక్కి వచ్చి, బొంగు చాచి మూకుట్లో ఒంపాడు. గ్లాసుడు నీళ్ళు కూడా కావు.

నేల అదిరింది. మూకుట్లోంచి ఒక నిప్పు స్తంభం లేచి జామకొమ్మల్లోకి వెళ్ళింది. రేకు మీద మరిగే చుక్కలు టపటపా రాలాయి. జామాకులు చిటపటమని ముడుచుకున్నాయి. వెదురు కర్ర పైభాగం కాలుతోంది. రిబ్బను లేదు. ముడి ఉన్న చోట ఎర్రటి నిప్పురవ్వ ఒకటి మిగిలింది. అది నా తల ఉండే ఎత్తు.

తాతయ్య నా వైపు చూడకుండా చెప్పాడు. నీళ్ళు నూనె అడుక్కి దిగి, అక్కడ ఒక్కసారి ఆవిరై, మండే నూనెను పైకి విసిరేస్తాయట. కొలిమిలోనూ అంతే. ఒక వర్షాకాలం కరిగిన ఇనుములోకి తడి తుక్కు పడింది. పక్కన నిలబడ్డవాడు తాతయ్య స్నేహితుడు. అతన్ని లాగబోయినందుకు తాతయ్య చెయ్యి అలా అయింది, అతను దక్కలేదు. వాళ్ళింటికి వెళ్ళి చెప్పవలసి వచ్చింది కూడా తాతయ్యకే. "చెప్తుంటే ఆవిడ నన్నే చూస్తోంది. వెనక మూకుడు మాడి పొగలు కక్కుతోంది. నేనే వెళ్ళి పొయ్యి ఆర్పాను."

ఆ మోతకి అమ్మ తడి జుట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. మంట చూసింది, నన్ను చూసింది. "మీకేమైనా మతి పోయిందా? పిల్లని చంపేస్తారా?" అని నన్ను రెక్క పట్టి లాగి, ఆయన చేతిలోని బొంగు గుంజుకుని ఆయన మీదికే ఎత్తింది. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

నాకు ఎప్పటిలాగే మాట రావడం లేదు. అమ్మ చెయ్యి విడిపించుకుని, తొట్టి మీది చెంబు తీసుకుని నీళ్ళు ముంచాను. వెళ్ళి ఆ కాలిన కర్ర పక్కన నిలబడి, నిన్న వంటింట్లో ఊపినట్టే చెయ్యి వెనక్కి ఊపి, అలాగే ఆపాను. నా తల పక్కనే నిప్పురవ్వ ఇంకా ఎర్రగా ఉంది. అప్పుడు మాట వచ్చింది.

"మొదటి దెబ్బ మగ్గుకి, అమ్మా. నేను నీళ్ళు పొయ్యబోయాను."

అమ్మ కర్రని చూసింది, కమిలిన జామకొమ్మని చూసింది. చేతిలో బొంగు కిందపడింది. తనూ నేల మీద చతికిలబడింది. అక్కణ్ణించే అడిగింది, "మరి రెండోది?"

"రెండోది నా తప్పు," అన్నాడు తాతయ్య. "అప్పటికి మంట ఆరిపోయింది. నా భయమే ఆరలేదు. అది పిల్ల మీద పడింది."

అమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. "మొదటిదానికి మీ కాళ్ళకి దండం పెడతాను మావయ్యా. రెండోదానికి మాత్రం నన్నడక్కండి, దాన్నే అడగండి."

తాతయ్య మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా ముందు కూర్చున్నాడు. "ఉండమంటావా, పొమ్మంటావా?" అని అడిగాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆ కాన్వాసు సంచీ రెండు చేతులతో పట్టుకుని, నేల మీద ఈడ్చుకుంటూ ఆయన మంచం దాకా తీసుకెళ్ళాను.

ఇప్పుడు మా ఇంట్లో వంట ఎక్కువగా నాదే. రెండు సీసాలు ఉంటాయి గట్టు మీద. ఆవనూనె పొగ వచ్చేదాకా ఆగుతాను, కొబ్బరినూనెకి ముందే సెగ తగ్గిస్తాను. స్టవ్ పక్కన ఎప్పుడూ ఒక పెద్ద పళ్ళెం. మూకుడు పొయ్యి మీద ఉండగా పుస్తకం తెరవను. కోపమొచ్చినా, భయమొచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడతాను. మంట ఆరిందా, నేను ఆరానా అని చూసుకుంటాను.

ఇంకొకటి కూడా మిగిలింది. నా ఎడమ చెవిలో ఆ రోజు మొదలైన మోత పూర్తిగా పోలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సన్నగా వినిపిస్తుంది, ఆ వైపు మాటలు సరిగ్గా అందవు. ఆ పొద్దున్న నేను మాట్లాడవలసిన మాట మాట్లాడాను. ఇది మాత్రం డైరీలో రాసుకున్నానే కానీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, తాతయ్యకి అసలే చెప్పలేదు. ఆయనకి ఎనభై దాటాయి. నేను మూకుడు పెట్టిన చప్పుడు వినగానే వరండాలో పేపరు దించి, "ఏటమ్మా, పొగొచ్చిందా?" అని అడుగుతాడు.

నేను కుడిచెవి అటు తిప్పి వింటాను. "రాలేదు తాతయ్యా," అంటాను.