పర్శరాములు పథ్యం

నేను చొప్పదండి బడికి బదిలీ మీద వచ్చింది 1957 జూన్‌లో. అద్దెకు దొరికింది నేతపని చేసే పర్శరాములు ఇంట్లో ఒక అర్ర. రెండే అర్రల పెంకుటిల్లు అది. ఒకదాంట్లో అతనూ అతని గుంటమగ్గమూ, రెండోదాంట్లో నేనూ నా పుస్తకాల పెట్టే. అతని భార్య అనసూర్య పోలీసు చర్య జరిగిన ఏడు పురిట్లో పోయిందట, బిడ్డ కూడా దక్కలేదు. నేను దిగిన అర్రలో ఇదివరకు ఎవరుండేవారని అడిగితే, "మా తమ్ముడు" అన్నాడు. ఇప్పుడెక్కడున్నాడంటే, "బొగ్గుబాయిల" అన్నాడు. అంతే. మాటకు ఇంత పిసినారి ఏమిటని నాకు చిరాకు వేసింది. నాకు మనుషులు కావాలి, అందులోనూ నేను చెబుతుంటే వినే మనుషులు కావాలి.

వారం తిరగకముందే అతని జబ్బు బయటపడింది. మధ్యాహ్నంపూట మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయేది. వెళ్లి చూస్తే కాళ్లు గుంటలోనే ఉంచుకుని, రెండు చేతులా పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయి ఉండేవాడు. ఒకరోజు అంగీ ఎత్తి చూపించమన్నాను. బొడ్డు చుట్టూ నాలుగు కాలిన మచ్చలు. కడుపులో మంటకు పసుపుకొమ్ము కాల్చి వాతలు పెట్టించుకున్నాడట.

"లోపల మండుతుంటే పైన కాల్పించుకుంటావా? ఎవడు చెప్పాడయ్యా నీకు?" అని కేకలేశాను.

"అందరు చెప్పిండ్రు సారూ. ఒక్కలు కాల్చుకొమ్మన్నరు, ఒక్కలు పొద్దుగాల కల్లు తాగుమన్నరు. పక్కింటి రాజయ్యయితే కారం తగ్గించకు, ఇంక జర పెంచు అన్నడు."

"నువ్వు?"

"అన్ని చేసిన సారూ."

నాకు ఒళ్లు మండింది. ఆ శనివారమే బస్సెక్కించి కరీంనగరం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన పొట్ట నొక్కి చూసి, నాలుగు ప్రశ్నలడిగి, కడుపు లోపలి పొర పూసిందన్నాడు. తెల్లమందు సీసా చేతిలో పెట్టి, మందు సగమే పని చేస్తుంది, మిగతా సగం నోరు కట్టుకోవడంలోనే ఉంది అన్నాడు. రక్తం కక్కినా, దొడ్డికి తారులా నల్లగా అయినా ఆ పూటే రమ్మన్నాడు.

నోరు కట్టించే పని నేను పట్టుకున్నాను. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో నాకూ ఈ మంటే పట్టుకుంటే మా మేనత్త ఆర్నెల్లలో కుదిర్చింది. ఆవిడ చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. కారం బంద్, చాయ్ బంద్, కల్లు బంద్. పొద్దున్నే బూడిద గుమ్మడికాయ రసం. తర్వాత తైదల, అంటే రాగుల అంబలి, పులియబెట్టకుండా ఏ పూటకాపూట కాచి, చల్లారాక పలచటి మజ్జిగ కలుపుకుని తాగాలి. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నమూ పెసరపప్పూ. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు అతిమధురం పొడి. వీటన్నిటికంటే ముఖ్యం కడుపును ఖాళీగా ఉంచకపోవడం. నేతవాళ్ల జబ్బంతా అక్కడే ఉంది. గుంటలోకి దిగితే ఈ జానెడు అయిపోనీ, ఇంకో జానెడు అయిపోనీ అనుకుంటూ మూడింటిదాకా లేవరు. లేచి ఆ ఆకలి మీద జొన్నరొట్టెలో వెల్లిపాయ కారం నంజుకుంటారు, పొద్దుగూకగానే కల్లు పోస్తారు. ఎవరి పేగులైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి?

అతనికి గడియారం లేదు. బడి ఇంటికి నాలుగిళ్ల అవతలే కాబట్టి, గంట మోగినప్పుడల్లా మగ్గం ఆపి ఏదో ఒకటి తినమన్నాను. పిల్లలు బిలబిలమంటూ బయటికి పరిగెత్తే వేళకు పర్శరాములు పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఆదివారం గంట ఉండదు కాబట్టి ఆదివారం నొప్పి వచ్చేది. సోమవారం పొద్దున్నే నా చేత తిట్లు తినేవాడు.

ఆర్నెల్లకు మంట తగ్గింది. ఏడాది తిరిగేసరికి లోతుకుపోయిన చెంపలు నిండాయి. ఊళ్లో నా పేరు మోగిపోయింది. కడుపు నొప్పి వచ్చినవాళ్లంతా మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. నేను తెగ మురిసిపోయాను, దాచుకోవడం ఎందుకు.

నేను గమనించనిది ఒకటుంది. పథ్యం తినేవాడు ఒంటరిగా తింటాడు. సాయంత్రమైతే నేతవాళ్లందరూ కల్లు దగ్గర చేరేవారు. అక్కడే నవ్వులాట, అక్కడే పంచాయితీ, నూలు సంగతులూ పిల్లల పెళ్లిళ్లూ అన్నీ అక్కడే. మొదట్లో పర్శరాములు పోయి ఊరికే కూర్చునేవాడు. తాగనివాడు పక్కన కూర్చుంటే తాగేవాళ్లకు ఇబ్బంది. రాజయ్య ఒకసారి, "ఏందే, దొరల బిడ్డలెక్క నాజూకైనవు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత అతను పోవడం మానేశాడు. పెళ్లి బంతిలో కూర్చుని కూర వద్దంటే పెట్టేవాళ్లు మొహం ముడుచుకునేవారు. రానురాను పిలుపులూ తగ్గాయి. నేను శనివారం సాయంత్రం కరీంనగరంలో నా పెళ్లాం పిల్లల దగ్గరికి పోయేవాణ్ణి. సోమవారం తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో అతను పలకరించడానికి మనిషి లేడు. గోడవైపు తిరిగి తినడం అతనికి ఎప్పుడు అలవాటైందో నాకు తెలియదు.

ఒకనాడు ముసురు పట్టి బడి లేకపోతే ఇద్దరం ఇంట్లోనే ఉండిపోయాం. ఆ రోజు మొదటిసారి తమ్ముడి సంగతి చెప్పాడు. తమ్ముడు రాజలింగు, అతని భార్య రాజక్క, తానూ, ముగ్గురూ ఒకే పొయ్యి మీద తినేవారు. నేను రావడానికి ఏడాది ముందు ఒకరోజు పొద్దుటినుంచీ ఏమీ తినకుండా మగ్గం మీద కూర్చుని, మూడింటికి లేచాడట. రాజక్క రొట్టె, కారం పెట్టింది. రెండు బుక్కలు తినేసరికి కడుపులో కత్తి తిప్పినట్టైంది. గిన్నె విసిరికొట్టాడు.

"ఏమన్న సారూ అంటే, దీంట్ల ఏం కలిపినవే, విషం పెట్టినవా అన్న. వాడకట్టంత విన్నది."

రాజక్క ఏడవలేదట. కింద పడ్డ రొట్టె ముక్కలన్నీ ఏరి, దుమ్ము దులిపి, అతని ఎదురుగానే కూర్చుని ఆఖరు ముక్క దాకా తిన్నదట. తిని నీళ్లు తాగి లేచింది. వారం తిరక్కుండా మొగుడూ పెళ్లాలు బెల్లంపల్లి పోయారు. అంతే, మళ్లీ మాటల్లేవు.

"నొప్పిలో అన్నానని ఆమెకు చెప్పలేకపోయావా?"

"ఎట్ల చెప్పాలె సారూ? ఒక్కసారి ఆమె చేతి బువ్వ తింటే చాలు. నోటితోటి చెప్పే పనే ఉండది." తర్వాత, "పిలుస్తే పోత" అన్నాడు.

పిలుపు 1963లో వచ్చింది. రాజలింగు ఎవరి చేతో రాయించిన పోస్టుకార్డు. కంపెనీ క్వార్టర్ ఇచ్చిందనీ, వచ్చే సోమవారం పాలు పొంగిస్తున్నామనీ, అన్న తప్పక రావాలనీ ఉంది. చివర, "రాజక్క కూడ రమ్మంటున్నది." పర్శరాములుకు చదువు రాదు. ఆ చివరి ముక్క నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఆ రోజే మగ్గం మీద రాజక్కకు చీర మొదలుపెట్టాడు. నీలం చీర, ఎర్రంచు. వారంలో అయ్యే పని కాదు. అయినా పూర్తిచేశాడు, నేను చెప్పగా చెప్పగా గంట గంటకూ లేచి తింటూనే.

శనివారం నేను కరీంనగరం బయల్దేరబోతుంటే అతనికి భయం పట్టుకుంది. "ఆడ కూరలు మంటగ ఉంటయి సారూ. తింటే పడిపోత. తినకపోతే మళ్ల గదే మాట యాదికొస్తది ఆమెకు. ఏం చెయ్యాలె?"

నేను వెంటనే ఉపాయం చెప్పాను. ఉపాయాలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "కడుపు ఊసే ఎత్తకు. సోమవారం కదా, రాజన్న దేవుడికి ఒక్కపొద్దు ఉంటున్నా, పొద్దుగూకేదాకా ఏమీ ముట్టనని చెప్పు. దేవుడి పేరు చెబితే ఎవరూ తప్పు పట్టరు. అంబలి వెంట తీసుకుపో. రైలు దిగాక స్టేషన్‌లోనే తాగేసి ఇంటికి పో."

"అబద్ధమైతది కద సారూ."

"ఎవరికి నష్టమయ్యా ఈ అబద్ధం వల్ల?" అన్నాను.

సోమవారం కోడికూతకే అంబలి సొరకాయ బుర్రలో పోసుకుని, మూతికి గుడ్డ కుక్కుకుని, చీరతోపాటు సంచిలో పెట్టుకుని పోయాడు. కరీంనగరం, అక్కణ్ణుంచి పెద్దపల్లి, పెద్దపల్లిలో రైలు. మర్నాడు ఉదయం తిరిగొచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. ఏమైందని అడిగాను. కాళ్లు కడుక్కుని పొయ్యి వెలిగించాడు, అంబలి కాచుకుని తాగాడు, గిన్నె కడిగి బోర్లించాడు. అప్పుడొచ్చి నా దగ్గర కూర్చుని చెప్పాడు.

రాజలింగు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడట. ఇంటి నిండా పదిహేనుమంది బాయి పనోళ్లు, వాళ్ల ఆడవాళ్లు. రాజక్క కాళ్లకు నీళ్లిచ్చి, "మంచిగున్నవా బావా?" అన్నది. తిండి వేళైంది, అతన్ని ముందు కూర్చోమన్నది. నేను నేర్పిన మాట అప్పజెప్పాడు.

"ఒక్కపొద్దున్న రాజక్కా."

ఆమె మొహం కొంచెం చిన్నబోయింది. అయినా, "గట్లనా? మరి పొద్దుగూకినంక తిను. రాత్రికి ఉండి రేపు పోదువు" అన్నదట. ఆ మాటకు అతనికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇంకేం ఆలోచించకుండా సంచిలోంచి చీర తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె కళ్లకద్దుకుంది. అద్దుకుని చెయ్యి చూసుకుంది. చీర మడత ఒకవైపు తడిగా ఉంది. ఆమెదీ నేతింటి పుట్టుకే. కొత్త చీరకు గంజి ఎట్లా ఉంటుందో వేళ్లకే తెలుసు. తడిని వేళ్ల మధ్య నలిపి చూసి, వాసన చూసింది.

"ఇది అంబలి కద బావా."

బుర్ర మూతికి కుక్కిన గుడ్డ దారిలో వదులైంది. స్టేషన్‌లో సగం తాగి, మిగిలింది పారబొయ్యడానికి ప్రాణమొప్పక అట్లాగే తెచ్చుకున్నాడు.

"తినొచ్చినవా?"

ఇల్లంతా చూస్తూ ఉంది. రాజక్క అరవలేదు. లోపలికి పోయి ఒక చిన్న గిన్నె తెచ్చి, అతని ముందు మూత తీసింది. మెత్తటి అన్నం, పెసరపప్పు.

"నీ ఒక్కనికోసరం యేరే వండిన. కారం ఎయ్యలే."

అతను చెయ్యి చాపాడు. "పెట్టు రాజక్కా, తింట."

"వద్దు బావా. తిన్న కడుపు మీద మళ్ల తింటే నొస్తది. నొస్తే ఆ పేరు మళ్ల నాకే."

మూత పెట్టి గిన్నె లోపలికి తీసుకుపోయింది. తర్వాత అందరికీ వడ్డించింది. అతనికి నీడలో చాప వేసింది. రాజలింగు నేల చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడకముందే ఇతను స్టేషన్‌కు బయల్దేరితే ఉండమని ఎవరూ అనలేదు.

"చీర తిరిగిచ్చేసిందా?" అని అడిగాను. నాకు అంతకంటే మంచి ప్రశ్న తోచలేదు.

"లేదు సారూ. ఉతికి దండెం మీద ఆరేసింది." మళ్లీ తనే అన్నాడు, "నాకు కారం పడదని ఆమెకెట్ల ఎరుక సారూ? నేను చెప్పలే. ఈడికెల్లి పోయేటోళ్లను అడిగితేనే కద ఎవలన్న చెప్పేది? ఏడేండ్ల సంది అడుగుతనే ఉన్నదన్నట్టు."

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నేను ముందెప్పుడూ పడలేదు. ఆ ఒక్కపొద్దు మాట అతనిది కాదమ్మా, నాది, నీ చేతి బువ్వ కోసమే వచ్చాడు అని నాలుగు ముక్కలు కార్డు మీద రాసి పడేస్తే సరిపోయేది. ఆ రాత్రే రాద్దామనుకున్నాను. తెలివైన సారు ఒక అమాయకుడికి అబద్ధం నేర్పి వాడి కొంప ముంచాడని నా చేత్తో నేనే రాయాలి. రేపు రాద్దామనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాను. రాయలేదు. ఆ ఇంట్లో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

రాయమని అతను ఒక్కసారి కూడా అడగలేదు. గంట మోగితే లేచేవాడు, గోడవైపు తిరిగి అంబలి తాగేవాడు. జగిత్యాలకు బదిలీ అయి సామాను బండికెత్తించుకుంటూ, కడుపెట్లా ఉందని అడిగాను.

"మంచిగున్నది సారూ. అంత మీ దయ" అన్నాడు.