ఎర్ర గీత పట్టుకుని పెళ్లికి పోతే

సొంత పెళ్లికి దారి తప్పిన పెళ్లికొడుకును మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. తప్పానంటే అదీ అబద్ధమే. చేతిలో పటం పట్టుకుని, అది చెప్పినట్టే నడిచి మరీ మునిగాను. నాలుగో తరగతితో బడి వదిలినవాణ్ని, రాయడం కొత్త. నవ్వితే నవ్వండి గానీ మధ్యలో లేచిపోకండి.

2013లో కామారెడ్డిలో జీపు నడిపేవాణ్ని. హైదరాబాద్ నుంచి ఒక సారు రోడ్ల పటం తయారు చేయడానికి వచ్చి నా జీపు మాట్లాడుకున్నాడు. ఆయన ల్యాప్‌టాప్‌లో ఊళ్లన్నీ చుక్కలు, బాటలన్నీ చుక్కలను కలిపే గీతలు. అచ్చం వాకిట్లో ముగ్గే. ప్రతి గీతకూ దూరం రాసి పెడితే, ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా అన్నిటికన్నా దగ్గరి దారిని కంప్యూటర్ ఎర్ర గీతతో చూపిస్తుంది. దాన్ని ‘గ్రాఫ్ డేటాబేస్’ అంటారన్నాడు సారు. నేను తల ఊపాను. తల ఊపడానికి చదువు అక్కర్లేదు కదా.

పెద్ద రోడ్ల దూరం కంప్యూటరే కొలుచుకునేది. చెట్ల కింద దాగిన మట్టి బాటలతోనే చిక్కు. వాటి దూరం ఊళ్లో పెద్దలను అడిగి సారుకు చెప్పడం నా పని. ఆ పెద్దలేమో తమ ఎద్దుల గురించి, బావుల గురించి అంతా చెప్పాక గానీ దూరం దగ్గరికి వచ్చేవారు కాదు. సారుకు విసుగొచ్చింది.

“కథలొద్దయ్యా, అంకె చెప్పు చాలు.”

అంకె అడిగాడు, అంకే చెప్పాను. “రెండు సార్.” “మూడు సార్.” ఆయన టకటకా కొట్టుకున్నాడు.

ఇంతలో నాకు ఎల్లారెడ్డి పిల్ల సుజాతతో పెళ్లి కుదిరింది. ముహూర్తం పొద్దున పదిన్నరకు. మర్నాటి నుంచి మూఢాలు. ఈ ముహూర్తం తప్పితే రెండు నెలల దాకా పెళ్లి మాట ఎత్తకూడదన్నాడు పంతులు. చుట్టాలంతా బస్సులో పెద్ద రోడ్డున వెళ్లారు. జీపులో అన్న, మమ్మల్ని కన్న అవ్వ, నేను. స్టీరింగ్ అన్న చేతిలో, సారు తీసిచ్చిన ఎర్ర గీత కాగితం నా చేతిలో.

“సీదా రోడ్డు మీద పోదాం రా,” అన్నాడు అన్న.

“గటు తిరుగుడెక్కువ అన్నా. గీ తొవ్వన పోతే పావుగంట మిగుల్తది. కంప్యూటర్ చెప్పింది.”

“పెండ్లి నీదారా, కంప్యూటర్‌దా?” అంది వెనక నుంచి అవ్వ.

దూరపు కొండలు నునుపంటారు. కంప్యూటర్‌లో దగ్గరి దారులు అంతకన్నా నునుపు. బాట మొదట ఎడ్లబండి వెడల్పయింది, తర్వాత గొర్రె వెడల్పయింది. పటం లెక్కన రెండు కిలోమీటర్లకే ఊరు రావాలి. నాలుగు దాటినా రాలేదు గానీ, జీపు మాత్రం బురదలో దిగి బర్రెలాగా హాయిగా పడుకుంది.

బామ్మర్ది ఫోన్ చేశాడు. “బావా, ఏడున్నవ్? బ్యాండోళ్లు కొట్టి కొట్టి కూసున్నరు!”

“వచ్చినట్టే రా. ఇంగ జెరంత.”

పక్కన బర్లు కాస్తున్న తాతను అడిగాను. “తాతా, ఎనక ఊరికీ ముందటి ఊరికీ నడుమ ఎంత దూరముంటది?”

“రెండు.”

“రెండేంది? నాలుగు దాటినం!”

“నాలుగెట్ల దాటుతవ్ రా? ఉన్నదే రెండు కోసులు!”

మా పెద్దలకు దూరమంటే కోసే. కోసంటే దాదాపు మూడు కిలోమీటర్లు. అంకెను సారుకిచ్చి, దాని తోకను ఊళ్లోనే వదిలేసి వచ్చానన్నమాట! సారు వాటిని కిలోమీటర్లనుకుని రాసుకోవడంతో మట్టి బాటలన్నీ పటంలో మూడో వంతుకు ముడుచుకుపోయాయి. కంప్యూటర్‌కు అందుకే అవి ముద్దొచ్చాయి.

అన్న పంచె ఎగ్గట్టి జీపును తోయడానికి బురదలోకి దిగాడు. ఇంతలో ఎల్లారెడ్డికి పచ్చిగడ్డి మోసుకుపోయే ట్రాక్టర్ దేవుడిలా వచ్చింది. జీపును అన్నకు వదిలేసి, బాసింగంతో నేను, పట్టుచీరతో అవ్వ గడ్డి మీదికెక్కాం.

“మంచిగున్నదిరా నీ బరాత్,” అంది అవ్వ.

మండపం ముందు దిగేసరికి పదీ ఇరవై ఎనిమిది. పంతులు నన్ను గుంజి పీట మీద కూర్చోబెట్టాడు. సుజాత, నేను ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. అడ్డుతెర తీశారు.

“నెత్తి మీద గీ గడ్డేంది?” అంది సుజాత మెల్లగా.

మంత్రాల చాటున జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇక ఏడడుగులు వేయండి,” అన్నాడు పంతులు.

సుజాత నా చెవి దగ్గరికి వంగింది. “అడుగులే గదా? నీ లెక్కల కోసులైతే ముందే చెప్పు, చెప్పులేసుకొస్త.”

ఆ అగ్నిహోత్రం ముందే ఒట్టేసుకున్నాను, ఈ జన్మలో కొలత పేరు లేకుండా అంకె పలకనని. హోటల్లో చాయ్ ఎన్నని అడిగినా వట్టి “రెండు” అనను. “రెండు కప్పులు” అంటాను. వాడేమనుకున్నా సరే.