పన్నెండు పళ్ల సాకెట్టు

తిరుపతికి కొంచెం దూరంలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సుల మెకానిక్‌ని నేను. పద్నాలుగు బస్సులకు ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో నేనొక్కణ్ణి. ఆ వేసవిలో నేను అడిగింది ఒకే ఒక్క వస్తువు. ముప్పై రెండు మిల్లీమీటర్ల సైజుది, లోపల ఆరు మూలలుండేది, నల్లగా మందంగా ఉండే సాకెట్టు ఒకటి. చక్రాల నట్లకు టోపీలా తొడిగి విప్పేది దానితోనే. పాతదానికి నోరు విచ్చుకుంది. నట్టు మీద పెట్టి ఊపితే గల్లుగల్లుమని ఆడుతోంది. ఆడే సాకెట్టు నట్టును విప్పదు, తినేస్తుంది.

మూడుసార్లు రాసిచ్చాక ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జి సారు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. చేతిలో ఎర్ర ఇనప్పెట్టె. తెరిస్తే లోపల అద్దాల్లా మెరుస్తూ వరసగా సాకెట్లు.

“ఒకటి అడిగితివి. ఇరవై ఒకటి తెచ్చినాను, సూడప్పా,” అన్నాడు.

ముప్పై రెండు తీసి లోపలికి చూశాను. చుట్టూ పన్నెండు పళ్లు.

“సార్, ఇది పన్నెండు పళ్లది. మనకు ఆరు మూలలది కావాల.”

“ఆరు ఎక్కువా, పన్నెండు ఎక్కువా?”

ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగాడు. నట్టుకు ఆరు చదును ముఖాలుంటాయని, ఆరు మూలల సాకెట్టు ఆ ముఖాలను అదిమి పట్టుకుంటుందని, పన్నెండు పళ్లది మూలల్ని మాత్రమే తాకుతుందని చెప్పాను. వదులు నట్టుకు ఏదైనా ఒకటే. తుప్పు పట్టిందీ, టైర్ల షాపులో గాలి గన్నుతో బిగించిందీ అయితే మూలలు అరిగిపోయి నట్టు గుండ్రమవుతుందని చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ విన్నాడు.

“కొత్త దాంట్లోనూ వంకేనా? పాతది ఈడ పెట్టు. స్టోర్‌కి అప్పజెప్పాల,” అన్నాడు.

నోరు విచ్చుకున్నదైనా అది ఆరు మూలలది. దాన్నీ తీసుకుపోయాడు.

పరీక్షల రోజుల్లో ఒక మధ్యాహ్నం మా బస్సొకటి పాకాల దారిలో ఆగిపోయిందని డ్రైవరన్న ఫోన్ చేశాడు. ముందు చక్రం పంక్చరు. చిత్తూరులో పరీక్ష రాసి తిరిగొస్తున్న పిల్లలు నలభై మంది లోపలున్నారు. పొద్దున ఏడింటికి బయల్దేరిన పిల్లలు. ఎర్రపెట్టెను బండి వెనకాల తాడేసి కట్టుకుని పోయాను.

అక్కడ నీడ కూడా సరిగ్గా లేదు. ఒక కానుగ చెట్టు కింద ఇమడగలిగినంత మంది ఇమిడారు, మిగతావాళ్లు బస్సు నీడలో కూర్చున్నారు. డ్రైవరన్న బస్సులో ఉన్న స్పానరుతో అప్పటికే ప్రయత్నించి అరచేతులు ఎర్రగా చేసుకున్నాడు.

“కదల్లా అబ్బా. ఆ టైర్ల షాపోడు ప్రాణం పోయేట్టు బిగించినాడు,” అన్నాడు.

చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి కాబట్టి జాకీ పెట్టలేదు. నట్ల చుట్టూ నూనె పోసి కాసేపు ఆగాను. మెరిసే సాకెట్టు ఎక్కించి, దాన్ని తిప్పే టామీ రాడ్డుకు ఇనప పైపు తొడిగి, శ్వాస బిగబట్టి తొక్కాను. టక్కుమంది. నట్టు తిరిగిందనుకుని సంతోషపడబోయాను. తిరిగింది సాకెట్టు. తీసి చూస్తే నట్టు మూలలు గొరిగినట్టు పోయాయి.

రెండో నట్టుకు నిదానంగా బరువేశాను, సాకెట్టు పక్కకు ఒరగకుండా డ్రైవరన్నను పట్టుకోమన్నాను. అదీ జారింది. మూడోది కూడా. ఇక నాలుగోదాన్ని ముట్టుకోలేదు. చెడుతుందని తెలిసి కూడా చెడగొట్టడానికి నాకు చేతులు రాలేదు.

మమ్మల్ని చూస్తూ నిలబడిన ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. “అన్నా, అది కొత్తది గదా, ఎందుకు జారతా ఉండాది?”

సాకెట్టు చేతికిచ్చి లోపల చూడమన్నాను. చక్రం మీద చెడని నట్టు చూపించాను. ఆ పిల్ల రెంటినీ మార్చి మార్చి చూసింది.

“నట్టుకు ఆరు ముఖాలు. దీనికి పన్నెండు గాట్లు. మూలల్లోనే పట్టుకుంటాది, అంతే గదా?” అంది.

ఒక్క నిమిషం పట్టింది ఆమెకు. ఎర్రటి ఎండలో, కాళ్ల కింద తారు మెత్తబడుతున్న చోట, పరీక్ష రాసి అలిసిపోయిన పిల్లకు ఒక్క నిమిషం. ఫ్యాను కింద కూర్చునే సారుకు మూడు కాగితాలు రాసిచ్చినా ఎక్కలేదు. ఒళ్లు మండిపోయింది నాకు.

అప్పుడే ఆయన ఫోను.

“ఇంకా ఎంతసేపప్పా? పేరెంట్స్ ఫోన్లు చేస్తా ఉండారు.”

“నట్లు గుండ్రమైపోయినాయి సార్. నేను అప్పుడే చెప్పినాను గదా.”

“కొత్త సెట్టు ఇచ్చినా పని చేతగాకపోతే ఎట్లప్పా?”

పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా ఈ చేతులతోనే బతుకుతున్నాను. నాకు పని చేతకాదని అన్న మొదటి మనిషి ఆయనే.

కాట్పాడి వైపు పోయే ఒక లారీ మమ్మల్ని చూసి కొంచెం ముందుకు పోయి ఆగింది. దిగిన డ్రైవరు అరవాయన, తెలుగు బాగానే మాట్లాడాడు. సంగతి అడగలేదు. నట్లు చూశాడు, నా చేతిలో సాకెట్టు చూశాడు.

“అయ్యయ్యో, దీంతోనా తీసినారు?” అని లారీ సీటు కింది నుంచి గోనెసంచి లాగాడు. అందులో నల్ల సాకెట్టు, ముప్పై రెండు, ఆరు మూలలది. ఎక్కించి ఊపాను. కదల్లేదు, చప్పుడు లేదు. పైపు మీద తొక్కితే నట్టు కీచుమని ఒక్క అరుపు అరిచి వదిలింది. ఎనిమిదింట్లో మంచివి అయిదూ అట్లాగే వచ్చాయి.

చెడిన మూడింటికీ ఆయన సంచిలోంచి ఇంకొకటి తీశాడు. పాతకాలపు అంగుళంపావు సాకెట్టు. అది ముప్పై రెండు కంటే వెంట్రుకవాసి తక్కువ. సుత్తితో కొట్టి కొట్టి గుండ్రమైన నట్టు మీదికి దిగగొట్టాము. బిర్రుగా కరుచుకుంది. ఒక్కొక్కటీ చచ్చినట్టు తిరిగింది. స్టెప్నీ ఎక్కించి, పనికొచ్చే అయిదు నట్లతో బిగించి, నిదానంగా పొమ్మని బస్సును పంపాను. లారీ ఆయన టీ కూడా తాగకుండా పోయాడు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పిలిచారు. టేబుల్ మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం. కూడబలుక్కుని చదివాను. మెకానిక్ అజాగ్రత్త వల్ల మూడు నట్లు పాడైనాయని, విద్యార్థులకు ఇబ్బంది కలిగిందని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని ఉంది. కింద నా సంతకానికి ఒక గీత. దాని పక్కనే సాక్షిగా డ్రైవరన్న సంతకం అప్పటికే పడి ఉంది.

ఆ సంతకం చూసినప్పుడు కలిగిన బాధ వేరు. ఆయన్ను తిట్టలేను. కాంట్రాక్టు మీద ఉన్న మనిషి, పెట్టమన్నచోట పెట్టాడు. తర్వాత చాలా రోజులు నా ముఖం చూడలేక షెడ్డు వెనక నుంచి తిరిగిపోయేవాడు. ఒక మంచి మనిషి చేత అబద్ధం కింద సంతకం పెట్టించారే అన్న కోపం మాత్రం నాకిప్పటికీ చల్లారలేదు.

సంతకం పెట్టనన్నాను. కాలేజీ నడిపే కరస్పాండెంటు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన బంగారుపాళ్యం వైపు మామిడితోటల కుటుంబం మనిషి, చిన్నప్పుడు ట్రాక్టరు తోలినవాడు. నేను జేబులోంచి మంచి నట్టొకటి, గుండ్రమైందొకటి తీసి, ఎర్రపెట్టెలోని సాకెట్టు పక్కన పెట్టాను. పొద్దున్నే తెలిసిన వర్క్‌షాపులో అడిగి తెచ్చిన ఆరు మూలలదీ పెట్టాను. ఆయన ఒకదాని తర్వాత ఒకటి నట్టుకు తొడిగి తన చేత్తోనే ఊపాడు.

“ఇది ఆడతా ఉండాది గదప్పా,” అన్నాడు ఇన్‌ఛార్జి సారు వైపు తిరిగి. “ఆయన అడిగింది కొనిచ్చేయి.”

“సరే సార్. మరి ఈ లెటరు?”

“అది ఉండనీ. పేరెంట్స్ అడిగితే ఫైల్లో ఏదో ఒకటి ఉండాల గదా.”

అంత తేలిగ్గా అన్నాడు. నిజమేమిటో తన చేతికే తెలిశాక అన్నాడు. వచ్చి షెడ్డులో కూర్చుని, తెలుగులో రెండు పేజీలు రాశాను. ఏ తారీఖుల్లో ఏమి అడిగాను, ఏమి ఇచ్చారు, పాతది ఎవరు తీసుకుపోయారు, ఎన్ని నట్లు ఎందుకు పోయాయి, అంతా. రెండు సాకెట్ల బొమ్మలు కూడా గీశాను. ఆఫీసుకు పోయి, అందినట్టు ముద్ర వేసివ్వమన్నాను. గుమాస్తా వేయనంటే బెంచీ మీద కూర్చున్నాను. భోజనాల వేళ దాకా కూర్చుంటే వేశాడు. ముద్ర పడిన కాపీ ఇంట్లో నా సర్టిఫికెట్లతో పాటు ఉంది.

మూడు వారాలకు నల్ల సాకెట్టు వచ్చింది. మొదటిసారి ఎక్కించిన రోజే పదో నంబరు బస్సు వెనక చక్రం, ఏడాదిగా ఎవరూ విప్పలేనిది, అరగంటలో విప్పి పక్క చక్రానికి వచ్చాను. ఇన్‌ఛార్జి సారు అటుగా పోతూ ఆగాడు.

“సూసినావా, మంచి సామాను కొనిస్తే పని ఎట్ల అవతాదో,” అన్నాడు.

నేను తల ఎత్తలేదు. తర్వాతి నట్టుకు సాకెట్టు తొడిగాను.