జపాన్ గురించి నాకు అన్నీ తెలిసిన రోజులు

ఏదైనా విషయం మీద అభిప్రాయం లేదని చెప్పడం నామోషీగా తోచే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు ఆక్లాండ్ పడమటి వైపు హెండర్సన్‌లో గడిచింది. ఆ రోజుల్లో మేం నలుగురం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నలుగురమూ చదువుకోవడానికి వచ్చినవాళ్ళమే కాబట్టి చదువు తప్ప మిగతా అన్ని సంగతులూ గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. గిన్నెలు ఎవరు తోమాలన్నది ఎన్ని వారాలైనా తేలేది కాదు గాని, కుక్కర్ మూడో కూత వేసేలోగా ప్రపంచ సమస్యలన్నీ తేలిపోయేవి. ఒక్కొక్కరి వాటాకి ఒక్కో దేశం వచ్చింది. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వరంగల్ అన్న మా అందరికన్నా నాలుగేళ్ళు పెద్దవాడు కనక అమెరికా, రష్యా రెండూ ఆయనే ఉంచుకున్నాడు. నా వాటాకి జపాన్ వచ్చింది. నేను జపాన్ వెళ్ళలేదు, జపాన్ భాష రాదు. కాని వారానికి ఇరవై గంటలు సుషీ షాపులో పనిచేసేవాణ్ణి. అన్నం, చేపముక్క, కీరదోస కలిపి సముద్రపు నాచులో చుట్టి ముక్కలు కోసే పని. అంతకు మించిన అర్హత ఏం కావాలి?

ఆ షాపు ఒక భార్యాభర్తలది. గుమ్మానికి కాగితం లాంతరు, గోడ మీద మంచుకొండ బొమ్మ, కౌంటర్ మీద చెయ్యి ఊపే పిల్లి. ఆవిడ ముందు వైపు అమ్మకాలు చూసుకునేది. ఆయన వెనక గదిలో అన్నం వండేవాడు, నేను చేరిన ఎనిమిది నెలల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. (జపాన్ మగవాళ్ళు మితభాషులని మా ఫ్లాట్‌లో నేను మొదటి వారమే ప్రకటించాను.) ఆవిడని నేను మేడమ్ అనేవాణ్ణి, మా ఫ్లాట్‌లో మాత్రం జపాన్ ఆంటీ అనే పేరు స్థిరపడిపోయింది. ఆమె ఏం చేసినా నేను గమనించేవాణ్ణి, గమనించింది ఇంటికి తెచ్చి చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ తెల్లన్నంలో ఎర్రటి క్యాబేజీ పచ్చడి నంజుకుని తినేవారు. కారం, వెల్లుల్లి, పుల్లటి ఘాటు, చూస్తే మా అమ్మ పెట్టే ఆవకాయకి దూరపు చుట్టంలా ఉండేది. జపాన్ వాళ్ళు అచ్చం మనలాగే కారం తింటారని నేను చెప్తే వరంగల్ అన్న ఆశ్చర్యపోయాడు. "గట్లనా? నేనింకా వాళ్ళు సప్పిడి తింటరు అనుకున్న," అన్నాడు. "అందరూ అలాగే అనుకుంటారన్నా, దగ్గర్నుంచి చూసినవాళ్ళకే తెలుస్తుంది," అన్నాను.

వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాట ఒకటుండేది, కంసామ్నిదా. థాంక్స్ అని అర్థం. షాపుకి ప్రతి గురువారం ఒక మామ్మగారు వచ్చేది, ఎండైనా వానైనా మెడకి నీలం స్కార్ఫు చుట్టుకుని. ఎప్పుడో చిన్న వయసులో ఈ దేశపు కివీ ఆయన్ని పెళ్ళాడి జపాన్ నుంచి వచ్చిందని ఆవిడే చెప్పింది. ఇక నేను ఊరుకుంటానా, ఆవిడ పొట్లం అందుకున్నప్పుడల్లా నడుం వంచి "కంసామ్నిదా" అనేవాణ్ణి. ఆవిడా చిరునవ్వుతో నడుం వంచేది. మా మేడమూ ఆవిడా ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. ఇద్దరు జపాన్ వాళ్ళు ఇంగ్లీషెందుకు మాట్లాడుకుంటున్నారని నాకు ఒక్కసారి అనుమానం వచ్చిన మాట నిజం. పక్కన నేనున్నాను కనక నాకు అర్థం కావాలని మర్యాదకి అలా మాట్లాడుతున్నారని తేల్చుకుని, జపాన్ మర్యాద మీద ఇంకో అభిప్రాయం తయారు చేసుకున్నాను.

ఇలా పోగుపడిన పాండిత్యం ఫ్లాట్‌లో ఇమడక రేడియోకి ఎక్కింది. ఆక్లాండ్ దక్షిణం వైపు పాపటోయిటోయిలో పచారీ షాపు నడిపే ఒక అంకుల్ శనివారం ఉదయం కమ్యూనిటీ రేడియోలో అరగంట తెలుగు కార్యక్రమం చేసేవారు. ఒక భక్తి పాట, వార్తలు, వాళ్ళావిడ చెప్పే వంట, చివర పది నిమిషాలు 'ప్రపంచంలో ఏం జరుగుతోంది'. మేమంతా ఆయన్ని రేడియో అంకుల్ అనేవాళ్ళం. ఆయన షాపులో బియ్యం బస్తా ఎత్తుకుంటూ నేను జపాన్ మీద రెండు మాటలు అన్నానో లేదో, "మన ప్రోగ్రాంలో చెప్పరాదూ, నాన్నా. వినేవాళ్ళకి జ్ఞానం వస్తుంది," అన్నారు. చెప్పాను. జపాన్‌లో మనలాగే జాడీలకి జాడీలు పచ్చళ్ళు పెట్టుకుంటారన్నాను. ఆదివారం అందరూ చర్చికి వెళ్తారన్నాను. (మా మేడమ్ వెళ్ళేది.) ప్రతి మగవాడూ రెండేళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలన్నాను. (భర్త సైనికుడి దుస్తుల్లో ఉన్న పాత ఫోటో ఒకటి చూపించి ఆవిడే చెప్పింది.) ఆఖరున గొంతు బరువు చేసుకుని, వాళ్ళు పిల్లల్ని కనడం మానేశారనీ, ముసలివాళ్ళని ఒంటరిగా వదిలేశారనీ, ఆఫీసుల్లోనే బతుకులు వెళ్ళదీస్తున్నారనీ, ఇరవై ఏళ్ళలో ఆ దేశం మూతపడుతుందనీ చెప్పాను. ఇందులో కొంత నేను ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నది. దేశం మూతపడడమన్నది మాత్రం నా సొంతం.

కార్యక్రమం బాగుందని పదకొండు మంది ఫోన్ చేశారట. రేడియో అంకుల్ ఉత్సాహం పట్టలేక, "వచ్చే శనివారం మీ ఓనరమ్మ గారినే తీసుకురా. ఆవిడ ఇంగ్లీషులో చెప్తారు, నువ్వు తెలుగులో చెప్పు," అన్నారు. నేను మర్నాడు షాపులో మేడమ్‌ని అడిగాను. "మా రేడియోలో మీ దేశం గురించి, మీ వాళ్ళ జీవితం గురించి మాట్లాడతారా?" అన్నాను. ఏ దేశమో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. "నా దేశం గురించి ఎవరూ అడగరు," అని కాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడి, "వస్తాను," అంది. ఆ శనివారం నీలం కోటు వేసుకుని, జుట్టు దిద్దుకుని, ఒక చిన్న కాగితం మీద ఏవో రాసుకుని వచ్చింది. ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

స్టూడియో అంటే ఒక బల్ల, మూడు మైకులు, తలుపు మీద ఎర్ర దీపం. దీపం వెలిగింది. రేడియో అంకుల్ తెలుగులో ఘనంగా పరిచయం చేసి, "జపాన్ దేశపు ఆడపడుచు మన మధ్య ఉండడం మన అదృష్టం," అన్నారు. మేడమ్‌కి తెలుగు రాదు కాని జపాన్ అన్న మాట వినపడింది. నా వైపు చూసింది. అంకుల్ ఇంగ్లీషులో, "మేడమ్, మీ జపాన్‌లో ఈ రోజుల్లో జీవితం ఎలా ఉంది?" అన్నారు.

ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "నాకు తెలియదండీ. మూడు రోజులు టూరుకి వెళ్ళాను, అంతే. నేను కొరియా మనిషిని. మాది బూసాన్," అంది.

అంకుల్ నా వైపు చూశారు. తెలుగులో చెప్పాల్సింది నేను. మైకు ముందుకి వంగాను. "మేడమ్ గారిది జపాన్‌కి బాగా దగ్గరలో ఉన్న ఊరట," అన్నాను. వినేవాళ్ళందరికీ ఇంగ్లీషు వచ్చునన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. అంకుల్‌కీ వచ్చు. ఆయన పెద్దమనిషి, దగ్గు తెరని అడ్డం పెట్టుకుని మైకు పక్కకి తిప్పి, "నాన్నా, కొరియా అంటున్నారు కదా," అన్నారు. ఆ మాట కూడా ప్రసారమైందని తర్వాత తెలిసింది.

ఆవిడ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. "పిలిచారు కాబట్టి రెండు మాటలు చెప్తాను," అని కాగితం మళ్ళీ విప్పింది. వాళ్ళ ఊళ్ళో చేపల మార్కెట్ గురించి చెప్పింది, వాళ్ళ నాన్న అక్కడ ఐసు మోసేవాడట. ఇక్కడ కొరియా వంట పేరుతో షాపు పెడితే పక్క వీధి వాళ్ళే రాలేదు, సుషీ అంటే అందరికీ తెలుసు కాబట్టి అదే నేర్చుకున్నాం అంది. జపాన్ గురించి అడిగారు కనక ఒక్కటి చెప్తానని, "మా బామ్మ చిన్నప్పుడు మా దేశం జపాన్ ఏలుబడిలో ఉండేది, బళ్ళో జపాన్ పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. సొంత పేరుతో పిలిస్తే దెబ్బలు పడేవి. ఆవిడ చచ్చిపోయేదాకా ఆ జపాన్ పేరు మాకు చెప్పలేదు," అంది. నేను దాన్ని మాత్రం ఏ మార్పూ లేకుండా తెలుగులో చెప్పాను. అంకుల్ పాట వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఆవిడే నడిపింది. మోటర్‌వే ఎక్కాం. ఉద్యోగం పోయినట్టే అనుకుని, రెజ్యూమెలో ఈ ఎనిమిది నెలలని ఏమని రాయాలా అని ఆలోచిస్తున్నాను.

"ఎనిమిది నెలలు," అంది ఆవిడ. "మేం ఏం తింటామో అడిగావు, పిల్లలెందుకు లేరని అడిగావు, మా ఆయన ఫోటో గురించి అడిగావు. ఇదొక్కటే అడగలేదు."

"సారీ మేడమ్. తెలుసనుకున్నాను," అన్నాను.

అనగానే ఒకటి గుర్తొచ్చి ఇంకాస్త సిగ్గేసింది. ఫిజీ నుంచి వచ్చిన భారత సంతతి వాళ్ళు ఇక్కడ ఎక్కువ కనక, ఈ దేశంలో దిగిన రోజు నుంచీ నన్ను ఎవరో ఒకరు, "మీరు ఫిజీ నుంచా?" అని అడిగేవారు, నేను మొహం ముడుచుకుని ఇండియా అనేవాణ్ణి. వాళ్ళు కనీసం అడిగారు.

సోమవారం షాపుకి వెళ్ళాను. నా ఏప్రాన్ కొక్కానికి అలాగే వేలాడుతోంది. కట్టుకుని కీరదోస కోయడం మొదలుపెట్టాను. కాసేపటికి మేడమ్ భర్త వెనక గదిలోంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట, "నువ్వు ఫిజీ కదా?" అని. ఇండియా అని చెప్పాను. ఆయన ఆవిడ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, ఆవిడ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనంలో ఆ ఎర్ర పచ్చడి నా కోసం కూడా ఒక చిన్న గిన్నెలో పెట్టడం మొదలైంది.

గురువారం మామ్మగారు వచ్చినప్పుడు అసలు సంగతి చెప్పి క్షమాపణ అడిగాను. "నాకు ఆ మాట కొరియా మాటని తెలుసు. నువ్వు అంత సంతోషంగా అంటుంటే ఎలా చెప్పను?" అంది. పోనీ జపాన్ గురించి మీరైనా చెప్పండి, మా రేడియోలో నేను చెప్పింది నిజమేనా అని అడిగాను, ముసలివాళ్ళూ పిల్లలూ మూతపడడమూ అన్నీ. ఆవిడ పొట్లం సంచిలో పెట్టుకుంది. "నేను వచ్చేసి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటి జపాన్ నాకూ పేపర్లో కనపడేదే," అని, వాళ్ళ అన్నయ్య సంగతి మాత్రం చెప్పింది. వాళ్ళ ఊరి బడి పిల్లలు లేక మూసేశారట. అన్నయ్య ఒక్కడే ఉంటాడట. వీధి చివరి షాపులో నేపాల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి పనిచేస్తుంది, ఈయన రెండు రోజులు పాలకి రాకపోతే తనే తీసుకెళ్ళి ఇచ్చి పలకరించి వస్తుందట. "కాబట్టి ఒంటరిగా ఉన్నాడని అనాలో లేడని అనాలో నాకు తెలియదు," అంది. దాన్ని రేడియోలో ఎలా చెప్పాలో నాకూ తెలియలేదు. చెప్పలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తున్నాను. జపాన్ వార్తలు ఇప్పటికీ వదలకుండా చదువుతాను. అక్కడ పనికి మనుషులు చాలరని ఒక వార్త, బయటి దేశాల వాళ్ళు ఎక్కువైపోతున్నారని కొందరి కోపం ఇంకో వార్త, రెండూ ఒకే పేజీలో ఉంటాయి. ఇక్కడా ఎన్నికలొస్తే రెండూ వినపడతాయి. మా ఆఫీసు లంచ్ రూంలో ఈ చర్చ వస్తే అందరూ నా వైపు చూస్తారు, బయటి నుంచి వచ్చినవాళ్ళందరి తరఫునా నేనేదో చెప్తానని. నాకు ఆ నేపాల్ అమ్మాయి గుర్తొస్తుంది. ఆవిడా తన ఫ్లాట్‌కి వెళ్ళి, జపాన్ వాళ్ళు ఇలా, జపాన్ వాళ్ళు అలా అని చెప్తూ ఉంటుందా అనుకుంటాను. చెప్తే ఆవిడ మాట నా మాట కన్నా నయమే. పాలు తీసుకెళ్ళి ఇచ్చిన మనిషి.

పోయినేడాది మా ఆవిడా నేనూ నిజంగానే జపాన్ వెళ్ళి పది రోజులు ఉండి వచ్చాం. రేడియో అంకుల్‌కి ఎలా తెలిసిందో, మర్నాడే ఫోన్. ఆయన కార్యక్రమం ఇంకా నడుస్తోంది. "ఈసారి కళ్ళారా చూసొచ్చావు. పది నిమిషాలు నీకే ఉంచాను," అన్నారు. ఫోన్‌లోనే ప్రసారం. మొదలుపెట్టాను. మేం దిగిన వీధిలో ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే తన గుమ్మంతో పాటు పక్కింటి గుమ్మం కూడా సగం దాకా ఊడ్చి ఆపేసేవాడని చెప్పాను. సగమే ఎందుకో ఆయన్ని అడగడానికి భాష రాలేదని చెప్పాను. రైల్లో ఎవరూ మాట్లాడుకోరని చదివి వెళ్ళాం గాని, మా పక్కన కూర్చున్న ఇద్దరు బడి పిల్లలు దిగేదాకా నవ్వుతూనే ఉన్నారని చెప్పాను. కూరలు చప్పగా ఉన్నాయని చెప్పాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

"మరి వాళ్ళ సమాజం ఎటు పోతోందంటావు?" అన్నారు అంకుల్, సాయం చేద్దామని.

"తెలియదంకుల్. పది రోజులే ఉన్నాం," అన్నాను.

ఆయన పాట వేసి, లైనులో ఉండమన్నారు. పాట నడుస్తుండగా మెల్లగా, "ఏమీ అనుకోకు నాన్నా. నువ్వు వెళ్ళకముందు చెప్పిందే బాగుంది," అన్నారు.

నేనేమీ అనుకోలేదు. నాకూ అదే బాగున్నట్టుంది. హెండర్సన్‌లో ఉన్నప్పటి ఆ కుర్రాడి దగ్గర ప్రతి ప్రశ్నకీ జవాబుండేది, జాడీలూ సైన్యమూ చర్చీ అన్నీ కలిపి ఒక దేశాన్నే కట్టి నిలబెట్టాడు పాపం. అలాంటి దేశం ఎక్కడైనా ఉంటే ఒకసారి చూసి రావాలని ఉంది.