కరుణాకర్ బెలూన్లు, నా కడుపు మంట

2023 ఆగస్టు చివరి రోజులు. శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న వాతావరణ కేంద్రంలో నేను పరిశీలకుణ్ణి. ఏ రకం మేఘాలున్నాయి, గాలి ఎటు వీస్తోంది, పైలట్‌కు ఎంత దూరం కనిపిస్తుంది అని గంటగంటకూ చెప్పడం నా పని. ఆకాశం చూస్తూ కూర్చున్నందుకు జీతం. అయినా ఆ ఏడాది నా చూపు ఆకాశం మీద తక్కువ, కరుణాకర్ మీద ఎక్కువ.

వాడిది సాతంరాయి, నాది పాల్మాకుల. ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. అంటార్కిటికా యాత్రకు ఇద్దరం దరఖాస్తు పెట్టాం. వాడు ఎంపికయ్యాడు, నేను రిజర్వు. రిజర్వు అంటే అవతలివాడికి జ్వరం రావాలని దేవుణ్ణి అడగలేక, "ఆరోగ్యం ఎట్లున్నది?" అని వాణ్ణే రోజూ అడిగే మనిషి. వాడికి జలుబు కూడా చేయలేదు, నిక్షేపంగా వెళ్లిపోయాడు. అక్కడ వాడికి చలి, ఇక్కడ నాకు కడుపు మంట.

ఆ మధ్యాహ్నం మా గది ఏసీ పాడైతే మెకానిక్ సలీం భాయ్ వచ్చి విప్పుతున్నాడు. అప్పుడే కరుణాకర్ వీడియో కాల్ చేశాడు.

"పరేషాన్ల ఉన్న రా శ్రీనూ. ఓజోన్‌సోండ్ ఎగరేస్తే బెలూన్లు సగం దారిల్నే పగుల్తున్నయి."

ఓజోన్‌సోండ్ అంటే బెలూన్‌కు వేలాడదీసే చిన్న పెట్టె. పైకి పోతూ, ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో రేడియోలో పంపుతుంది.

"బెలూన్లు ఏడ పెట్టినవ్?"

"మనకాడ లెక్కనే, సల్లటి జాగల. గిదిగో." ఫోను తిప్పాడు. మంచు పేరుకున్న తలుపు పక్కనే ప్యాకెట్లు.

తప్పు వెంటనే తెలిసిపోయింది. మన ఎండకు రబ్బరు చెడిపోతుందని బెలూన్లను స్టోరులో అన్నిటికన్నా చల్లని మూలన దాచడం మా అలవాటు. ఆ అలవాటును వాడు ధ్రువం దాకా మోసుకెళ్లాడు. ఒకప్పుడు బెలూన్ల సెక్షన్‌లో పనిచేసినప్పుడు, చలిలో రబ్బరును ఎలా చూసుకోవాలో ఒక సీనియర్ నాకు నేర్పాడు.

"ఆలోచించి చెప్త," అని పెట్టేశాను. ఆలోచించాల్సిందేమీ లేదు. వాడు ఓజోన్ పొరలో పడే రంధ్రం కొలవడానికి వెళ్లాడు, నేను రంధ్రాన్వేషణలో ఉన్నాను. అంతే తేడా.

సలీం భాయ్ స్టూలు మీంచే అడిగాడు. "ఓజోన్ అంటే మా ఫ్రిజ్ గ్యాస్ తోని ఖరాబయ్యేదే కదా సార్? ఫ్రిజ్‌లేమో ఈడ, సూరాఖ్, గా బొక్కేమో ఆడ. గట్లెట్ల?"

మంచి ప్రశ్న. చెప్పాను. పాత ఫ్రిజ్‌ల గ్యాస్ ఏళ్ల తరబడి గాలిలో తిరిగి, స్ట్రాటోస్ఫియర్‌కు, అంటే విమానాల దారికీ పైనుండే పొరకు చేరుతుంది. అక్కడ ఎండకు విడిపోతుంది. అందులోంచి వచ్చిన క్లోరిన్‌లో ఎక్కువ భాగం ఎవరి జోలికీ పోని రూపంలో బందీగా ఉంటుంది. దక్షిణ ధ్రువం మీద మాత్రం చలికాలమంతా చీకటి. పైన మైనస్ ఎనభైకి దిగే చలి. ఆ చలికి అంత ఎత్తులోనూ మేఘాలు పుడతాయి. చూడటానికి ముత్యపుచిప్ప రంగులు, చేసేది పాడు పని. వాటి కణాల మీద క్లోరిన్ చెర వీడి కాచుకుని కూర్చుంటుంది. చలికాలం పోయి ఎండ తగలగానే ఓజోన్ మీద పడుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విరగ్గొట్టి, తాను మాత్రం చెక్కుచెదరదు.

"అంటే చీకట్ల కుళ్లుకుంట కూసొని, ఎండ రాంగనే పగ తీర్చుకుంటది," అన్నాడు సలీం భాయ్. "మరి ఆ సార్ కొలవాల్సింది ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆడ ఎండ వచ్చేసింది. ఈ మొదలు తప్పిపోతే మళ్ల వచ్చే ఏడే."

"గట్లయితే ఫోన్ ఎందుకు పెట్టేసిండ్రు సార్?"

ఏసీ లేని గదిలో నాకు చెమట పట్టింది. ఏసీ లేనందుకే అనుకుందాం. కరుణాకర్‌కు ఫోన్ చేశాను.

"ప్యాకెట్లు వెచ్చటి రూములకు మార్చు. ఎగరేసే ముందు బెలూన్ నూనెల ముంచి, మంచిగ కారనియ్యి. రబ్బరు మెత్తగుంటే పైన చలికి ఆగుతది."

"గింతేనా! అసల్ నువ్వు రావాల్సుండె రా ఈడికి."

"తెలుసు," అన్నాను.

తర్వాతి బెలూన్ పగలకుండా ఓజోన్ పొరను దాటింది. వారాలు గడిచేకొద్దీ, ఒక్కో ఎగురవేతలో ఓజోన్ గీత మధ్యలో లోపలికి నొక్కుకుపోవడం మా కంప్యూటర్‌లో చూశాను. ఇప్పుడు ఆ గ్రాఫ్ మా గది గోడ మీద ఉంది, పక్కన ఫొటోలో నల్లకళ్లద్దాలతో కరుణాకర్ ఉన్నాడు. నా పేరు ఎక్కడా లేదు. డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ మొదట అక్కడే వెతుకుతాను.

అసూయ పోయాక సాయం చేద్దామని కూర్చుంటే ఆ ఏడాది కొలత పోయేదే. అసూయ ఎటూ పోదు. ఆ క్లోరిన్ లాగే నా అసూయ కూడా చెక్కుచెదరకుండా బయటపడింది. కాకపోతే ఈసారి దేన్నీ విరగ్గొట్టలేదు.