బెల్లం ముట్టని పిల్లి

కోడలు వెల్లుల్లి దంచుతుంటే, ఆ ఘాటుకి మా గుడివాడ ఇంటి పెరట్లో గడ్డితాడు చుట్టి వడ్లు నిలవచేసిన పురి గుర్తొచ్చింది. నా ఈడువాళ్లకి జ్ఞాపకముందా? యుద్ధం రోజుల్లో బెల్లం ఉండల్లో కలిపి పెట్టే ఎలకల మందుకి అచ్చం ఇదే వాసన!

పురి చుట్టూ ఆ ఉండలు పెడుతున్న నాన్నగారిని అడిగాను. "మన పిల్లి తింటేనో?"

"పిల్లి బెల్లం ముట్టదే, పిచ్చిదానా!" అని నవ్వారు.

నిజమే, ముట్టలేదు. ఉండ తిని తూలుతున్న ఎలకను పట్టుకుని తినేసింది. మేం దాన్ని పెంచిందే అందుకు. సాయంత్రానికి నురగలు కక్కుతూ, రోజూ పాలు పోసే నాన్నగారి కాళ్ల దగ్గరికే వచ్చి పడిపోయింది.

"పిల్లేగా, ఇంకోటి తెస్తాలే" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన చేత్తో పెట్టిన బెల్లంముక్కని నేనెన్నడూ వాసన చూడకుండా నోట్లో వేసుకోలేదు.