ఓబులక్క ఈగలను పారబోయనివ్వం

మా ఓబులక్కకు మైదుకూరులో ఇంకా మట్టి కూడా వేయలేదు.

కడపలో ఆమె పనిచేసిన కాలేజీ ప్రిన్సిపాల్ అప్పుడే ఆర్డర్ వేశాడు: "ఆ ఈగల సీసాలన్నీ పారబోయండి. గది స్టోర్‌రూమ్‌కు కావాలి."

నిన్న పొద్దున గుండె ఆగి అక్క పోయిందన్న ఫోన్ నుంచే తేరుకోలేదు నేను. మధ్యాహ్నానికి ఈ ఆర్డర్ కబురుతో రెండో ఫోన్.

ఏం గదో తెలుసా సార్ అది?

అక్క మా పెద్దమ్మ కూతురు. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో నరాల గుట్టు ఆ గదిలోనే వెతికిన సైంటిస్ట్.

నాడీకణం పొడుగాటి దారం లాంటిది. ఆర్ఎన్ఏ అనే సందేశం ఆ దారం చివరిదాకా చేరాలి. మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది? అదీ అక్క ప్రశ్న.

ఒకసారి మైదుకూరు బస్సెక్కి సీసాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఏముండాయమ్మా వాటిల్లో?" అన్నాడు కండక్టర్.

"ఈగలప్పా."

"మా బస్సులో ఉండేటివి చాల్లేదా నీకు?"

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా అక్కే నవ్వింది.

ఆ సీసాలు తెచ్చింది మా మామకు చూపించడానికి. నరాల జబ్బుతో ఆయన కాళ్లు పడిపోయాయి.

అక్క మొదటి సీసా తట్టింది. మామూలు ఈగలు జరజరా పైకి పాకాయి. రెండో సీసాలో, ఆర్ఎన్ఏ చేరాల్సిన చోటికి చేరని ఈగలు అడుగునే కొట్టుకున్నాయి.

"ఇవి నా మాదిరే ఉండాయి గదమ్మా," అన్నాడు మామ.

"అందుకే మామా, వీటినే అడుగుతాండా."

మూడో సీసా తట్టింది. అవీ ఆ జబ్బు ఈగలే, కానీ అక్క లోపం సరిచేసినవి. సగందాకా ఎక్కాయి!

మామ చప్పట్లు కొట్టాడు. "ఈగలకే మామా, మనుషులకు ఇంకా శానా దూరముండాది," అంది అక్క. ఆయన వింటేనా!

సైన్స్ ప్రజలదని కరపత్రాల్లో చదివి నేను మైకుల్లో అరిచాను. మా అక్క దాన్ని ఆర్టీసీ బస్సులో ఇంటికి తెచ్చింది. గర్వంగా ఉంది. ఏడుపొస్తున్నా గర్వంగానే ఉంది.

ఆ మూడో సీసా ఈగల సంతతి ఆ గదిలో తప్ప ఇంకెక్కడా లేదు. మేత ఎండిపోతోంది. కొత్త సీసాల్లోకి మార్చకపోతే అన్నీ చస్తాయి. ఎలా మార్చాలో అక్క స్టూడెంట్ రేష్మా చూపిస్తుంది. చేతులు కావాలి. తాళం ఇవ్వకపోతే గేటు దగ్గరే కూర్చుందాం.

పోయిరా అక్కా. నెమ్మదిగా నిద్రపో. నీ ఈగలు మా పూచీ.

రేపు పొద్దున తొమ్మిదికి, కాలేజీ గేటు దగ్గర. అందరూ రండి.